వసతిగృహమున నొక మౌనమందిరము
(గోల్నాకలో పఠనాలయ సభికుల కిచ్చిన ప్రసంగపాఠము)



మనకు అనతిదూరముననే, తార్నాక ప్రక్కను, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల నిలిచియున్నది. 1939లో ప్రారంభింపబడిన ఆ సౌధమున స్తంభములు హైందవ శిల్పమును, కమానులు ఇస్లామీయ శిల్పమును స్మరింపజేయును. రెండును కలసియే కప్పును మోయుచున్నవి. రాళ్లు నేర్చిన పాఠమును మనుష్యులు నేర్చిరా యని మేమడుగుచున్నాము.

ఆ సౌధద్వారములు తెరచుటకు ఏడాది ముందు, 1938లో, విశ్వవిద్యాలయ వసతిగృహములందు హిందూ విద్యార్థులు ప్రార్థనావేళ వందేమాతరము పాడిరి. అధికారులు నిషేధించిరి. విద్యార్థులు సమ్మెకట్టిరి, వందలకొలది బహిష్కృతులైరి. నాగపుర విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొనినది. ఆ యుద్యమమున పాల్గొని నాగపురమునకు బోయి చదివిన పి.వి. నరసింహారావుగారు 1991లో భారత ప్రధానమంత్రి యైరి.

ఈ కథను మనము గర్వముతో చెప్పుకొందుము, చెప్పుకొనవలసినదే. కాని సగము పాఠముతో తృప్తిపడరాదు. పాడువాని నోరు మూయించుట యెంత తప్పో, పాడనొల్లనివానిచే పాడించుటయు నంతే తప్పు. నాడు మనము కోరిన స్వేచ్ఛను నేడు పొరుగువాని కీయనిచో, నాటి అధికారులకును మనకును భేదమేమి?

పల్లె విడిచి వచ్చిన బాలుడు గుడిగంటనో, అజానునో, ఆదివారపు ఆరాధననో, తల్లి మాటనో వెనుక విడిచి వచ్చుచున్నాడు. పరీక్ష తప్పిననాడు, ఇంటినుండి దుర్వార్త వచ్చిననాడు, నలుగురున్న గదిలో వానికి కన్నీరు విడుచుటకైనను చోటు లేదు. అట్టివానికి ఏమి చేయుదము?

1949లో సర్వేపల్లి రాధాకృష్ణపండితుని యధ్యక్షతను విశ్వవిద్యాలయ విద్యాసంఘము, విద్యాలయములన్నియు కొన్ని నిమిషముల మౌనధ్యానముతో దినకార్యము నారంభింపవలయునని సూచించినది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 28వ అధికరణమున, పూర్తిగా ప్రభుత్వ ధనముచే నడచు విద్యాలయములందు మతబోధ కూడదని శాసించినది. ఈ రెంటికిని వైరుధ్యము లేదు. మౌనము మతబోధ కాదు. ఇష్టమైనవాడు వచ్చి కూర్చుండుట నిర్బంధమును కాదు.

కావున ప్రతి వసతిగృహమునందు నొక్క గది యుండవలయును. గోడలపై ఏ చిహ్నమును వలదు, ధ్వనివర్ధకము వలదు, హాజరుపట్టిక వలదు. నమాజు చేయువాడును, జపము చేయువాడును, బైబిలు చదువువాడును, ఏ దేవుని నమ్మక ఊరక కూర్చుండువాడును దానికి సమాన హక్కుదారులు. రంజాను మాసమున తెల్లవారక ముందే వంటశాల తెరచియుండవలయును; ఏకాదశినాడు ఉపవాసికి ఫలాహారము దొరకవలయును. ఉపవాసమున్న మిత్రునికై అన్యమతస్థుడైన మిత్రుడు పళ్లెము దాచియుంచుట, సామరస్యముపై పది యుపన్యాసములకంటె మేలు.

ఒక్క హెచ్చరిక. ప్రార్థన వైద్యునికి బదులు కాదు. నిరాశలో మునిగి ప్రాణముపై విరక్తి చెందినవానిని ఒంటరిగా ఆ గదిలో విడువక, వెంటనుండి వైద్యుని యొద్దకు గొనిపోవలయును. ఇది అధ్యాపకులకును తోటివారికిని కూడ ధర్మము.

పురజనులారా! ఇందుకు గొప్ప ధనమక్కరలేదు. ఒక గది, ఒక చాప, ఒక తాళపుచెవి చాలును. ఆ తాళపుచెవిని వివిధ మతముల విద్యార్థులు వంతులవారీగా తమ చేతనుంచుకొందురు గాక. మన బిడ్డల నా విశ్వవిద్యాలయమునకు పంపుచున్న మనమే ఈ కోరికను అధికారులకు విన్నవింపవలయునని మా మనవి.