మనసుకు కూడా దినచర్య కావలెను
(మామిడికుదురు రైతులకు చేసిన ప్రసంగము)



1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫానును కోనసీమలో పెద్దలెవ్వరూ మరువలేదు. ఏండ్ల తరబడి పెంచిన కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో కూలినవి. కొత్త మొక్క కాపుకు రావలెనంటే ఆరేడేండ్లు పట్టును. అంతకాలము దిగులుతో కూర్చుంటే తోటా నిలువదు, మనిషీ నిలువడు.

అందుచేత మనసుకు కూడా ఒక దినచర్య ఏర్పరచుకొనవలెను. నిద్ర, భోజనము వేళకు జరుగవలెను. తెల్లవారగానే తోట చుట్టూ ఒకమారు నడవండి. పడిన చెట్లతోపాటు నిలిచిన చెట్లను కూడా లెక్కించండి. రాత్రి పడుకొనబోయే ముందు, ఆనాడు కలిగిన మేలు ఒకటి, అది ఎవరివలన కలిగినదో, జమాఖర్చు పుస్తకములోనే వ్రాసుకొనండి. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ దాటి మన చేలకు వచ్చే నీరు ఎందరి శ్రమ ఫలమో గదా! ఏటా మే 15న కాటన్ దొర విగ్రహమునకు పూలమాల వేసే గోదావరి రైతుకు కృతజ్ఞత కొత్త కాదు. దీనివలన నష్టము తీరదు. కాని నష్టమొక్కటే కంటికి కనబడుట తగ్గును.

దిగులు రెండు వారములు దాటినచో అది జబ్బు కావచ్చును, చేతగానితనము కాదు. వైద్యుని చూడండి, లేదా టెలి మానస్ 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేయండి. పురుగుమందు డబ్బాలకు తాళము వేసి ఉంచండి. పొరుగు రైతు నాలుగు రోజులు చేనివైపు రాకపోతే, మీరే వెళ్ళి పలకరించండి.