మానేటి రాయి మీది పాకురు

సిరిసిల్లలో ఈ విజ్ఞాన సాహిత్య సభకు నన్ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టి, సముద్రంలోని సూక్ష్మజీవుల గురించి మాట్లాడమన్నారు. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో ప్రయాణం చేయవలసిన ఊళ్లు మనవి. అయినా ఈ విషయం మనదే. ఇది మానేరు నది ఒడ్డునే మొదలవుతుంది.

చలికాలంలో మానేరు తేటపడ్డాక నీళ్లలోని రాళ్లకు గోధుమరంగు పాకురు పడుతుంది. కాలు పెడితే జారుతుంది. వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ ఏటా పిల్లలతో ఆ పాకురు గీకించి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టించేవాణ్ణి. పడవల్లా, సూదుల్లా, చిల్లర నాణేల్లా ఉండే డయాటమ్‌లు కనిపించేవి. కొన్ని మెల్లగా జారుతూ పోతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవారు.

డయాటమ్ ఒంటికణపు మొక్క లాంటిది. దాని ఇల్లు గాజుతో కట్టినది. మన ఇళ్లల్లో కుంకుమ భరిణె ఉంటుంది చూడండి, మూత ఒకటి, దానిలోకి దిగే అడుగు ఒకటి, అచ్చం అలాగే. కణం రెండుగా చీలేటప్పుడు మూత ఒక బిడ్డకు, అడుగు ఇంకో బిడ్డకు వస్తాయి. రెండూ తమకొచ్చినదాన్నే మూతగా పెట్టుకుని, లోపల కొత్త అడుగు కట్టుకుంటాయి. మూత దక్కిన బిడ్డ తల్లంత ఉంటుంది. అడుగు దక్కినది కాస్త చిన్నదవుతుంది. ఆ వైపు వంశం తరతరానికీ కుదించుకుపోతుంది. చివరికి పెంకు వదిలేసి, బీజకణాలు కలిసి, మళ్లీ తొలినాటి సైజుకు ఎదుగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాని పాఠమిది.

ఆ గాజుకు ముడిసరుకు ఎక్కడిది? మన గుట్టలది. వాన నీరు నల్లరాయిని కొద్దికొద్దిగా కరిగించి సిలికాను వాగుల్లోకి తెస్తుంది. మన వరి కూడా ఆ సిలికానే తాగుతుంది. వరిగడ్డి ఒంటికి గీరుకోవడం అందువల్లే. ఊక కాల్చిన బూడిదలో అత్యధిక భాగం సిలికా. వరి తాగగా మిగిలింది మానేటి వెంట గోదావరికి, గోదావరి వెంట బంగాళాఖాతానికి పోతుంది. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు ఐదో వంతు డయాటమ్‌లదేనంటారు. విశాఖ తీరంలో ఒక జాతి డయాటమ్ విరగబడి పెరిగి సముద్రం రంగునే మార్చేసిన సంగతిని డి.వి. సుబ్బారావు 1969లో అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు.

మరి అంత పంటనూ ఎవరు తింటారు? చేపలని అనుకుంటాం. పూర్వం శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. కానీ డయాటమ్ బతికుండగానే చక్కెరలు నీళ్లలోకి కారుస్తుంది, చచ్చాక ఇంకా ఎక్కువ. అలా కరిగిన ఆహారం ఏ చేప నోటికీ చిక్కదు. సముద్రాలన్నిటిలో కరిగి ఉన్న సేంద్రియ కార్బన్ సుమారు 66,000 కోట్ల టన్నులు. గాలిలోని కార్బన్‌తో పోల్చదగినంత! దాన్ని ప్రధానంగా పీల్చుకునేవి బాక్టీరియాలే. మిల్లీలీటరు సముద్రపు నీటిలో దాదాపు పది లక్షలుంటాయి. వాటిని ఇంకొంచెం పెద్ద ఏకకణ జీవులు తింటాయి, వాటిని సన్నపు రొయ్యల్లాంటి కోపెపాడ్‌లు, వాటిని చేపలు. పోయిందనుకున్న తిండి మళ్లీ పంక్తిలోకి వస్తుంది. 1983లో సముద్ర శాస్త్రవేత్త ఫారూఖ్ ఆజం, సహచరులు దీనికి మైక్రోబియల్ లూప్ అని పేరు పెట్టారు. మగ్గం మీద నాడె అటు పోయి ఇటు వచ్చినట్టు. నేత ఊరైన సిరిసిల్లలో ఇంతకన్నా వివరించనక్కరలేదు.

ఆజం, కే బిడిల్ 1999లో ఇంకో సంగతి బయటపెట్టారు. డయాటమ్ గాజు మీద సన్నని సేంద్రియ పొర ఉంటుంది. బాక్టీరియాలు దాన్ని తినేస్తేనే గాజు త్వరగా కరుగుతుంది, సిలికా మరో డయాటమ్‌కు అందుతుంది. పొర నిలిచి ఉంటే పెంకు కరగకుండానే సముద్రపు అడుగుకు చేరుతుంది. ఒక తరం ఇల్లు కట్టడానికి మరో తరం ఇల్లు కూలాలి. ఆ కూల్చే పని బాక్టీరియాలది.

తినగా మిగిలినవి అంటుకుని పీచుపీచుగా కిందికి దిగుతాయి. శాస్త్రవేత్తలు దాన్ని సముద్రపు మంచు అన్నారు. మంచు కురవడం మనమెక్కడ చూశాం? సాంచాల (మరమగ్గాల) షెడ్డులో, కిటికీలోంచి పడే ఎండలో, దూది రేణువులు దిగుతుంటాయే, నేనైతే దాన్నే చెబుతాను. బంగాళాఖాతంలో ఈ దూదికి నదుల మట్టి బరువిస్తుందని, అందుకే వేగంగా లోతుకు చేరుతుందని ఇట్టెక్కోట్ బృందం 1991లో చూపింది. గోదావరి మొగకు ఎదురుగా సముద్రగర్భం నుంచి తీసిన బురదలో నది మోసుకొచ్చిన ఆకుల మైనం దొరికింది. బాక్టీరియాలు తినలేక వదిలేసిన ఆ మైనం సాయంతో వేల ఏళ్ల కిందటి మధ్యభారతపు వానల తీరును శాస్త్రవేత్తలు 2012లో చదివారు.

ఒక బెంగ కూడా చెప్పాలి. ఆనకట్టల వెనక నిలిచిన నీళ్లలో డయాటమ్‌లు అక్కడే పెరిగి సిలికాను అడుగున దాచేస్తాయి. పొలాల నుంచి నత్రజని మాత్రం కిందికి పోతూనే ఉంటుంది. డాన్యూబ్ నదిపై ఆనకట్ట కట్టాక నల్లసముద్రంలో డయాటమ్‌ల చోటును సిలికా అక్కర్లేని వేరే జాతులు ఆక్రమించాయని 1997లో తేలింది. ఎగువ మానేరు నుంచి పోచంపాడు దాకా మనకూ ఆనకట్టలున్నాయి. ఆ నీళ్లే మనకు బువ్వ పెట్టాయి, కాదనను. ఆ నీళ్లలో సిలికా ఎంత ఆగుతోందో ఏటా కొలిచే పని మన కళాశాలలు చేపట్టాలని ఈ సభ ముందు కోరుతున్నాను.

పొద్దున మానేటి రాయి నుంచి గీకిన పాకురు బయట వరండాలో, మైక్రోస్కోపు కింద ఉంది. స్లైడు ఆరిపోకముందే వచ్చి చూడండి.