ఇంటిలో చీమల కాపురము

2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన నల్లమాడ, అంతకుముందు అనంతపురం జిల్లాలోనిది. జిల్లా పేరు మారినను వాన కొరకు ఎదురుచూపు మారలేదు. వేరుసెనగ విత్తుటకు రైతు ఏ వాన కొరకు చూచునో, రాణిచీమయు ఆ వాన కొరకే చూచును. నేల తడిసిననే గాని అది బొరియ త్రవ్వుకొనజాలదు.

తొలకరి కురిసిన సాయంత్రము దీపము చుట్టు ముసురు రెక్కల పురుగులలో చాలవరకు ఉసిళ్లు. అవి చెదల జాతివి. నడుము సన్నగా ఉండి, మీసములు మోచేతివలె వంగినవి మాత్రము చీమలు. రెక్కలు రాల్చుకొని ఒంటరిగా నేలపై తిరుగు పెద్ద గండుచీమ కనబడినచో, అది రేపటి పుట్టకు తల్లి కావచ్చును. దానిని ఇంటిలో సాకవచ్చును.

ఒక గాజు నాళికలో మూడవ వంతు నీరు పోసి, నీటిని తాకునట్లు దూది బిగించవలెను. మిగిలిన చోట రాణిని వదలి, మూతికి దూది పెట్టి, చీకటిలో ఉంచవలెను. ఆహారము అక్కరలేదు. ఎగురుటకు పనికివచ్చిన కండరములను కరగించుకొని, ఆ సారముతోనే అది తొలి సంతానమును పోషించును. కొన్ని వారములకు చిన్న చిన్న పనిచీమలు నాలుగైదు బయలుదేరును.

నా మొదటి ప్రయత్నము ఇక్కడనే చెడినది. "గ్రుడ్లు పెట్టినదా, నాన్నా?" అని మా చిన్నవాడు మాటిమాటికి నాళికను వెలుతురులోనికి తీసెడివాడు. వానిని మందలించవలసిన నేనే రాత్రివేళ దీపము పెట్టి చూచెడివాడను. కలతచెందిన రాణి తన గ్రుడ్లను తానే తినివేసినది.

రెండవ రాణికి పదునారు పనిచీమలు పుట్టినవి. వేసవిలో బంధువుల ఇంట పెండ్లికి పోయి, అనుకొన్నదాని కంటె ఎక్కువ రోజులు నిలిచిపోతిమి. వచ్చి చూచునప్పటికి దూది ఎండియున్నది. ఒక్క చీమయు మిగులలేదు. ఆకలికి ఓర్చిన ప్రాణి దప్పికకు ఓర్వలేకపోయినది. కరవుసీమవారికి ఈ మాట ఒకరు చెప్పవలసినది కాదు.

పనిచీమలు పుట్టిన పిమ్మట తేనెచుక్క, చచ్చిన ఈగ పెట్టవలెను. మిగిలినది బూజు పట్టకమునుపే తీసివేయవలెను. నాళిక నిండినప్పుడే దానిని చిన్న పెట్టెకు కలుపవలెను. ముందుగానే పెద్ద ఇల్లు ఇచ్చినచో, మిగులు చోటును చెత్తకుప్పగా చేసికొనును. పెట్టెను నీళ్ల పళ్లెము నడుమ ఎత్తుగా నిలుపవలెను. పాలగిన్నెకు మన పెద్దలు చేసిన ఉపాయమే ఇది. అక్కడ చీమ రాకుండుటకు, ఇక్కడ పోకుండుటకు.

ఇంగ్లండులో జాన్ లబ్బక్ 1874లో తెచ్చి పెంచిన ఒక రాణిచీమ 1888 వరకు జీవించినది. పెంచదలచినవారు ఈ సంగతి ముందే తలపోయవలెను. అన్నేండ్లు దూది తడి చూచు ఓపిక లేనిచో, ఆ తొలకరి సాయంత్రమే దానిని తడిమట్టిలోనికి పోనీయుడు.