అడిగి అడుగిడుదము



మా రఘునాథపల్లి మీదుగా పోవు హైదరాబాదు రహదారి వరంగల్లును, ములుగును దాటి ఏటూరునాగారపు అడవులలో ప్రవేశించును. పస్రా వద్ద మలుపు తిరిగినచో మేడారము చేరుదుము. రెండేండ్లకొకసారి మాఘమాసమున సమ్మక్క సారలమ్మల జాతర వచ్చినప్పుడు ఈ బాటపై జనము ఏరువలె సాగును. మేమును బెల్లపు మూటలతో వారిలో కలియుదుము. అయితే ఆ నేల కోయలదనియు, అచ్చట మేము అతిథులమనియు మాకు ఆలస్యముగా తెలిసినది.

ఒక జాతరకు ముందుగా చేరి, కోయగూడెము ప్రక్కన విడిది చేసితిమి. ఎవరినీ అడుగక చేనిగట్టుపై పొయ్యి పెట్టి, పచ్చికొమ్మలు నరికితిమి. గూడెపు పెద్ద ఒకరు వచ్చి, కోపింపక, "అయ్యా, మేమొచ్చి మీ పెరట్ల చెట్టు కొడితే ఊకుంటరా?" అని అడిగిరి. మాకు బదులు తోచలేదు. తప్పు ఒప్పుకొంటిమి. పిదప వారే చోటు చూపి, ఎండుకట్టెలు ఇప్పించిరి. ముందే అడిగియుండినచో ఆ మర్యాద మొదటనే లభించెడిది.

ఇట్లు అడుగుటను కొన్నిచోట్ల శాసనముగానే చేసిరి. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతమున, 1976 నాటి భూహక్కుల చట్టమును అనుసరించి, ఆదివాసుల భూములలోనికి పోగోరు యాత్రికుడు ముందుగా వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలెను. మన అండమాను దీవులలోను 1956 నాటి నిబంధనలు ఆదిమజాతుల రక్షిత ప్రాంతములలో అనుమతిలేని ప్రవేశమును నిషేధించుచున్నవి. మేడారపు భక్తులకు అట్టి చీటీ అక్కరలేదు. కాని భూమి విషయమున కట్టడి కలదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను, 1970 నాటి సవరణను బట్టి, ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు కొనుట చెల్లదు. త్రోవలో చీటీ అడుగువారు లేరు గనుకనే మన బాధ్యత హెచ్చుచున్నది.

కావున కొన్ని నియమములు మనవి చేయుదుము. గూడెములో కాలుపెట్టుటకు ముందు పెద్దలను అడుగవలెను. మనుష్యులను గాని, ఇండ్లను గాని అడుగక ఫొటో తీయరాదు. సమ్మక్క తల్లిని కోయ పూజారులు చిలకలగుట్ట నుండి కొనివత్తురు. గుట్టపై జరుగు పూజ వారిది; మనము క్రిందనే నిలిచి ఎదురుచూడవలెను. చుట్టునున్నది అభయారణ్యము, పచ్చిచెట్టు నరుకరాదు, నిప్పు ఆర్పక కదలరాదు. ప్లాస్టిక్కు సంచులను, సీసాలను జంపన్నవాగులో పారవేయక వెంట తెచ్చుకొనవలెను. తేనె, ఇప్పపువ్వు కొనునప్పుడు "అడవిలో ఊరక దొరికినదే గదా" అని బేరమాడరాదు.

మా పిల్లలు ఇకమీద జాతరకు బయలుదేరునప్పుడు బెల్లముతోపాటు ఈ మాటలనుగూడ మూటగట్టి పంపదలచితిమి. మనకు జాతర నాలుగు దినములే. గూడెమువారు ఆ పిమ్మటను అచ్చటనే బ్రతుకవలెను, ఆ వాగు నీరే త్రాగవలెను.