మా అబ్బాయి సంరక్షణ - ఒక ఇంటి లెక్క
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై నాలుగేళ్లు ట్రెజరీలో ఇతరుల లెక్కలు చూశాను. ఈ రోజు నా ఇంటి లెక్క చెబుతాను. మా పెద్దబ్బాయికి నలభై రెండేళ్లు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. నిరుడు మా ఆవిడకు తుంటి ఎముక విరిగి, వాణ్ణి మూడు నెలలు ఒక సంరక్షణ గృహంలో ఉంచవలసి వచ్చింది. "నడుస్తాడు, తింటాడు, మంచానపడ్డ మనిషి కాదుగదా" అని తక్కువ రేటే వేశారు. నేనూ సంతోషించాను.

తిరిగి వచ్చిన రోజు అన్నం కలిపి ముందు పెడితే, వాడు నోరు తెరిచి కూర్చున్నాడు. ముద్ద ఎత్తుకోవడం నేర్పడానికి వాళ్లమ్మకు ఆరేళ్లు పట్టింది. అది మూడు నెలల్లో పోయింది. ఆయాను తప్పుపట్టలేను; ఒక్కతే పదిమందిని చూడాలి.

గడియారం పెట్టుకుని కూర్చున్నాను (పాత అలవాటు!). మనం తినిపిస్తే పది నిమిషాలు. పక్కన నిలబడి, "తిను నాన్నా" అంటూ వాడిచేతే తినిపిస్తే నలభై. స్నానమూ అంతే. చేతులు కట్టుకుని నిలబడినట్టు కనిపించే పనే ఖరీదైనది.

అమెరికాలోనూ ఈ చిక్కు ఉంది. నర్సులు, ఆయాలు ఒక్కొక్కరికి వెచ్చించే నిమిషాలు కొలిచి తయారుచేసిన వర్గీకరణతో 1998లో మెడికేర్ వారు నర్సింగ్ హోములకు చెల్లింపులు మొదలుపెట్టారు. మంచంలో కదలడం, మంచం దిగడం, మరుగుదొడ్డి, భోజనం - ఈ నాలుగింటికీ మార్కులు. మాటతో చేయించవలసిన మనిషికీ, సొంతంగా చేసుకునే మనిషికీ ఒకే అట్టడుగు మార్కు! 2019లో ఆ పద్ధతి మార్చారు.

నా తర్వాత, మా ఆవిడ తర్వాత వాడికి జీవితాంతం ఫ్యామిలీ పెన్షను వచ్చేలా మెడికల్ సర్టిఫికెట్టుతో పేరు చేర్పించాను. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా స్థాయి కమిటీ ద్వారా మా రెండోవాణ్ణి గార్డియనుగా నియమించమని దరఖాస్తు పెట్టాను. నిరామయ పథకంలో లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులున్నాయి. అయితే ఆయా జీతం అందులో రాదు. ఆ పెన్షనుకు రోజుకు ఎన్ని గంటల మనిషి వస్తుందో మీరూ లెక్క కట్టుకోండి. నా లెక్కలో రెండు గంటలు తక్కువపడింది. అందుకు ఒక డిపాజిట్టు విడిగా వేశాను.

ఇప్పుడు వాడు మళ్లీ సగం అన్నం చేత్తో తింటున్నాడు, సగం కిందే. దరఖాస్తు ఫారాలు తెచ్చాను. కావలసినవారు టీ సమయంలో అడగండి. సెలవు.