గుండె జబ్బుతో దవాఖానలో ఉన్న చంటిబిడ్డకు తల్లి మాట

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ విషయంపై మాట్లాడతానని కార్యదర్శి గారిని అడిగి మరీ ఒప్పించాను. కారణం ఏమంటే, చంటితనంలో గుండె ఆపరేషను అయి బతికి బయటపడ్డ పిల్లలు ఐదారేళ్లకు మా దగ్గరికే వస్తారు. చొక్కా గుండీ ఊడితే ఎదమీద నిలువు గీత కనబడుతుంది. కొందరు చక్కగా చదువుకుంటారు. కొందరికి మాట ఆలస్యం, బలపం పట్టడం కష్టం, ఒకచోట నిలకడ ఉండదు. "గుండె బాగైంది గదా మాస్టర్ సాబ్, ఇంకేమిటి?" అంటారు తండ్రులు. గుండె బాగైంది, నిజమే. నేను చెప్పవచ్చింది మెదడు గూర్చి.

వెయ్యిమంది బిడ్డలు పుడితే సుమారు ఎనిమిది, తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వాటిలో తమంత తామే పూడుకుపోయే చిన్న రంధ్రాలు కూడా ఎన్నో ఉంటాయి; వాటికి అంత బెంగ అక్కరలేదు. పుట్టిన కొద్ది రోజులకో, నెలలకో ఆపరేషను తప్పని పెద్ద లోపాల సంగతి వేరు. అటువంటి బిడ్డల్లో కొందరికి తల్లి కడుపులోనే మెదడుకు చేరవలసిన ప్రాణవాయువు తగ్గుతుంది. నెలలు నిండి పుట్టినా వారి మెదడు నెల ముందుగా పుట్టిన బిడ్డ మెదడులాగా ఉంటుందని స్కానింగులలో తేలింది. ఆపైన మత్తుమందు, యంత్రాలు, వారాల తరబడి మంచం. మెదడు అతి వేగంగా పెరిగే కాలం కూడా అదే. పుట్టినప్పుడు పెద్దవారి మెదడులో నాలుగో వంతు ఉండేది, ఏడాది తిరిగేసరికి రెట్టింపు దాటుతుంది. అదను తప్పిన విత్తనం సంగతి మన పాలమూరు మెట్ట రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

అయితే ఇది నుదుటి రాత అని ఊరుకునే విషయం కాదు. దవాఖాన మంచం దగ్గర ఇంటివాళ్లు చేయగలిగింది చాలా ఉంది, దానికి ఖర్చు కూడా లేదు.

మొదటిది మాట. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పుట్టి మూడు రోజులైనా కాని పసికందులను పరీక్షించారు. తల్లి గొంతు వినిపించడానికి ఆ పసివాళ్లు పాలపీక చప్పరించే తీరునే మార్చుకున్నారు! కడుపులో ఉండగానే ఆ గొంతు వారికి పరిచయమన్నమాట. మనవాళ్లు బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ చెబుతారు. ఆ చెవి వింటుందనే గదా? కాని అదే బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టగానే ఇంటిల్లిపాదీ మౌనం వహిస్తారు. డాక్టరుగారు ఇంగ్లీషులో, నర్సమ్మ తెలుగులో మాట్లాడుతారు. మన ఇంటి దక్కనీ ఉర్దూ ఆ బిడ్డ చెవిన పడాలంటే తల్లి నోరు, తండ్రి నోరు కదలాలి. పేరు పెట్టి పిలవండి, నానీ పాడిన లోరీ పాడండి. ఇంట్లో మేక ఈనిందని చెప్పినా ఫరవాలేదు. తండ్రి జిద్దాలోనో దుబాయిలోనో ఉంటే అతని గొంతును సెల్‌ఫోనులో పట్టి, నర్సమ్మను అడిగి, మెల్లగా వినిపించవచ్చు. మెల్లగా అన్నమాట మరువవద్దు. పసిబిడ్డల వార్డులో చప్పుడు 45 డెసిబెళ్లు దాటకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం అంటుంది. యంత్రాల గంటలే దాన్ని దాటిస్తాయి, ఇక మన ఫోన్ల పాటలు కూడా ఎందుకు?

రెండోది స్పర్శ. గొట్టాలు చూసి తల్లి చెయ్యి ముడుచుకుంటుంది. చేతులు శుభ్రంగా కడుక్కొని ఒక అరచెయ్యి తలమీద, ఇంకొకటి పాదాలమీద కదపకుండా ఉంచితే చాలు. బిడ్డ వేళ్లు విరజిమ్మినా, మొహం తిప్పుకున్నా, ఎక్కిళ్లు పెట్టినా అలసిపోయిందని అర్థం, కాసేపు ఆపాలి. రంగు మారితే వెంటనే నర్సమ్మను పిలవాలి. డాక్టరు ఒప్పుకుంటే బిడ్డను బట్ట అడ్డం లేకుండా రొమ్ముకు ఆనించి పడుకోబెట్టుకోవచ్చు. కొలంబియా దేశంలోని బొగొటాలో 1970ల చివర పెట్టెలు చాలక డాక్టర్ రే సనాబ్రియా తక్కువ బరువు బిడ్డలకు మొదలుపెట్టిన పద్ధతి ఇది. తండ్రి ఎద కూడా పనికివస్తుంది, సిగ్గుపడవలసిన పని లేదు.

ఇంటికి వచ్చాక ఎదపై కోత ఉన్నన్నాళ్లు చంకల కింద పట్టి ఎత్తరాదు; తల కింద ఒక చెయ్యి, పిర్రల కింద ఒక చెయ్యి వేసి ఎత్తాలి. బోర్లా ఎప్పుడు పడుకోబెట్టాలో డాక్టరును అడిగి, మెలకువగా ఉన్నప్పుడు, కళ్లెదుటే చేయించాలి. "గుండె పిల్ల" అని రోజంతా ఉయ్యాలలోనే ఉంచితే మెడ నిలిచేదెట్లా? ఇటువంటి పిల్లల ఎదుగుదలను మళ్లీ మళ్లీ పరీక్షించాలని అమెరికా హృద్రోగ సంఘం 2012లో చెప్పింది, 2024లో మరల చెప్పింది. మన దేశంలో 2013లో వచ్చిన బాలల ఆరోగ్య పథకం కింద ఇందుకు జిల్లా కేంద్రాలు పెట్టారు. మాట, నడక ఆలస్యమైతే బడి ఈడు వచ్చేదాకా ఆగకుండా అక్కడ చూపించండి.

ఇక అసలు చిక్కు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. ఆ డిసెంబరులో నల్లగొండకు వచ్చింది. ఆపరేషను ఖర్చు అట్లా గడుస్తుంది. కాని బిడ్డ హైదరాబాదులో, బాలింత వంద కిలోమీటర్ల ఇవతల చిల్లాలో. నలభై రోజులు గడప దాటరాదని దాదీలు అంటారు. నిఫాసులో నమాజుకు, రోజాకు మినహాయింపు ఉన్నది గాని, జబ్బుపడ్డ బిడ్డ దగ్గరికి పోరాదని షరీఅత్తులో ఎక్కడా లేదు. ఆలిం సాబులను అడిగి చూడండి. ఆమె డాక్టరు సరేనంటే ఆమెను పంపవలసిందే. నిలోఫర్ దవాఖాన చరిత్ర మీకు తెలుసు. తన పరిచారిక ప్రసవంలో చనిపోతే కలతచెందిన నిలోఫర్ బేగం పూనికతో 1953లో అది వెలిసింది. తల్లినీ బిడ్డనూ కలిపి ఆలోచించినవాళ్లు మన నేలమీద ఉన్నారు.

మన సంఘం మందులకు, అంబులెన్సుకు డబ్బు ఇస్తున్నది, సంతోషం. తల్లి బస్సు కిరాయికి, దవాఖాన దగ్గర ఆమె, తోడుగా ఒక ఆడమనిషి తలదాచుకునే గదికి మాత్రం పద్దు లేదు. వచ్చే ఏడాది లెక్కల్లో ఆ పద్దు చేర్చాలని కార్యవర్గం ముందు ఈ ప్రతిపాదన ఉంచుతున్నాను. నా వంతు మొదటి నెల కిరాయి కార్యదర్శి గారికి ఇప్పుడే ఇస్తున్నాను.