పక్షవాతము – దృష్టినాశము



చరకుఁడు పక్షవధమనియు, సుశ్రుతుఁడు పక్షాఘాతమనియు చెప్పినదే మన పక్షవాతము. ప్రాచీనులు దీనిని వాతప్రకోపముగా నెంచిరి. నేఁటి వైద్యులు మెదడులోని రక్తనాళముల దోషమని నిరూపించిరి. 1855లో కృష్ణానకట్ట పూర్తియైననాఁటినుండి కాలువలతో బ్రదుకు మనకిది సుబోధము. తూము పూడినచో చేను ఎండును. గట్టు తెగినచో మునుఁగును. అట్లే రక్తపుగడ్డ నాళమున కడ్డుపడుట యొకవిధము, ఇదియే అధికము. నాళము చిట్లుట రెండవది. రెంటికిని రక్తపుపోటు ముఖ్యకారణము. (మన యూరగాయల యుప్పు దానికి తోడు!)

కాలుసేతులు పడిపోయిననే పక్షవాతమని మనవారి తలంపు. కాని చూపునకు నెలవు మెదడు వెనుకభాగము. అచ్చట కుడిప్రక్క దెబ్బతినిన, రెండుకన్నులకును ఎడమసగము కనఁబడదు. కన్నులు మాత్రము నిర్మలముగనే యుండును. అట్టివాఁడు ఎడమనుండి వచ్చు బండిని కానఁడు. ఇంటివారు కండ్లజోడు మార్పింతురు. జోడేమి చేయును? మఱికొందఱికి ఒకకంటికి తెర దించినట్లై, నిమిషములలో మరల వెలుఁగు వచ్చును. తగ్గెనుగదా యని యూరకుండరాదు. మెడలోని ధమని యిఱుకై, రాఁబోవు పక్షవాతమునకు సూచన కావచ్చును.

గడ్డను కరిగించు సూదిమందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల నియ్యవలసినది. ముందుగా సీ.టీ. తీసి, రక్తస్రావము లేదని తేల్చుకొందురు. గట్టు తెగినచోట ఆ మందు ప్రమాదము. కావున చూపు హఠాత్తుగా సగము పోయిన, నొప్పి లేకున్నను, రాహుకాలము చూడక, పసరుల జోలికిఁ బోక, 108కు ఫోను చేయవలయును. దివిసీమ పల్లెలనుండి విజయవాడ చేరుటకే ఆ గడువులో గంటకుఁ బైగా పోవును.